మూడు బండల దగ్గర కుడివైపు

మా అక్కకు కొండలంటే ప్రాణం. నాకు ప్రాణమంటే ప్రాణం. ఒకే కడుపున పుట్టి ఇంత తేడాగా ఎలా తయారయ్యామో మా అమ్మకు చివరిదాకా అంతుపట్టలేదు. చిన్నప్పుడు గోడ కనబడితే అక్క ఎక్కేది, నేను ఆనుకునేవాణ్ణి.

అక్కను వీధిలో అందరూ మైకక్క అంటారు. ఇరవై ఆరేళ్ళు బస్టాండులో గాజు కిటికీ వెనక, మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పింది. ఆ గొంతుకు ఒక గుణం ఉంది. విన్నవాడికి అనుమానం రాదు. ఏడో నంబరు బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని ఆమె అంటే, అదే బస్సు ఎదురుగా ఐదోదాని మీద పొగలు కక్కుతూ నిలబడి ఉన్నా జనం సామాన్లు ఎత్తుకుని మూడోదాని వైపే పరిగెత్తేవారు. చివరికి సిగ్గుపడి డ్రైవరే బస్సును అక్కడికి తెచ్చి పెట్టేవాడు.

తర్వాత యంత్రం వచ్చింది. అక్కకు ఒక గోడగడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపారు.

"ఇరవై ఆరేళ్ళు టైము చెప్పినదానికి గడియారం ఇచ్చారురా, చేపకు నీళ్ళసీసా ఇచ్చినట్టు" అంది. ఆ మర్నాటి నుంచి, అంతవరకూ ఆదివారాలు మాత్రమే ఎక్కే కొండలను రోజూ ఎక్కడం మొదలుపెట్టింది.

వ్యాపారం చెయ్యాలని ఎవరూ అనుకోలేదు. పక్కింటి టీచరమ్మ ఒకసారి, చెరువు వెనక కొండకు దారెటని అడిగింది. అక్క కాగితం మీద గీసే రకం కాదు. ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపింది. "గేటు దాటాక ఎడమకు తిరగండి. ఎండిన మోడు కనబడేదాకా నడవండి. ఆయాసం వస్తే ఆగండి, ఎవరూ చూడరు." టీచరమ్మ ఎక్కింది, దిగింది, ఆ రికార్డును వాళ్ళ స్కూల్లో అందరికీ పంపింది. నెల తిరక్కుండా ముక్కూముఖం తెలియనివాళ్ళు అక్కకు ఫోన్లు చేసి, మా వైపు కొండకు కూడా ఒకటి చెప్పరూ అని అడగసాగారు.

నాకు జిరాక్స్ షాపు ఉంది. వెనక గదిలో కంప్యూటరు కూడా ఉంది. ఆ మాత్రానికే నన్ను పెద్ద సాంకేతిక నిపుణుణ్ణి చేసేశారు. నేనే వెబ్‌సైట్ పెట్టాను. 'చెవిలో దారి' అని పేరు కూడా నేనే పెట్టాను. కొనుక్కున్నవాళ్ళు అక్క గొంతును ముక్కలు ముక్కలుగా ఫోన్‌లోకి దించుకుంటారు. ఒక ముక్క వింటూ నడుస్తారు. "ఇక్కడ ఆపేయండి, వంతెన దాటాక తర్వాతి ముక్క నొక్కండి" అంటుంది అక్క. వాళ్ళు నొక్కుతారు. కొండ మీద సిగ్నల్ లేకపోయినా పరవాలేదు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నేనొక వాక్యం కూడా రాశాను: 'ప్రతి దారినీ మేమే స్వయంగా నడిచి చూశాం.'

ఇక అక్క పనితీరు చెప్పాలి, కథంతా అందులోనే ఉంది. కొండ మీద గాలికి రికార్డు పాడవుతుంది కాబట్టి అక్కడ నోటుపుస్తకంలో రాసుకునేది. ఇంటికొచ్చి బీరువా తలుపు తీసి, మా బావ కోట్ల మధ్యలో తల దూర్చి, దుప్పటి కప్పుకుని చదివేది. మా బావ ఆఫీసుకు ఆలస్యమవుతోందని బయట నిలబడి, "ఏమేవ్, నా నీలం కోటు కొండ దిగిందా?" అని అడిగేవాడు.

అయితే అక్క ఎప్పుడూ కొండను అవతలివైపు నుంచే ఎక్కేది. పొద్దున్నే మొదటి బస్సు అటు పోతుంది, డ్రైవర్లంతా తెలిసినవాళ్ళు. అటు ఎక్కి ఇటు దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేది. కొనుక్కున్నవాళ్ళు మాత్రం ఇటే ఎక్కుతారు. అందుకని ఇంట్లో పుస్తకాన్ని చివరి నుంచి మొదటికి చదువుతూ, ఎడమ ఉన్నచోట కుడి, కుడి ఉన్నచోట ఎడమ అని ఎర్ర పెన్నుతో మార్చుకునేది. మూడు కొండలు అలాగే చేసింది. ఒక్క తప్పు రాలేదు.

నాలుగోది పాత క్వారీ ఉన్న కొండ. దాన్ని అమ్మకానికి పెట్టేముందు నన్ను నడిచి చూడమంది.

"నేనెందుకక్కా? నువ్వు నడిచావుగా?"

"నాకు దారి తెలుసురా. తెలియనివాడు నడవాలి. నీకంటే తెలియనివాడు నాకెక్కడ దొరుకుతాడు?"

ఆదివారం పొద్దున బయల్దేరదీసింది. కొండ కిందికి చేరాను. పైన సగం కొండ లేదు. పొగమంచు మింగేసింది. నేను రెండు వందల అడుగులు ఎక్కాను. ఎక్కడో రాయి దొర్లిన చప్పుడైంది. అంతే, నా కాళ్ళు నన్నడక్కుండా వెనక్కి తిరిగాయి. కొండ కింద టీ బడ్డీ ఉంది. బల్ల మీద కూర్చుని పదకొండు ముక్కలూ వరసగా విన్నాను, మూడు టీలు తాగాను, బూట్లకు కాస్త బురద రాసుకున్నాను. ఇల్లు చేరేసరికి కుంటడం కూడా మొదలుపెట్టాను.

"ఎలా ఉందిరా?"

"అద్భుతం అక్కా. మూడు బండల దగ్గర అయితే ఆ గాలి, ఆహా."

"మలుపు సరిపోయిందా అక్కడ?"

"అచ్చు గుద్దినట్టు."

ఆ రాత్రే నాలుగో దారిని కూడా అమ్మకానికి పెట్టాం. ఆరు రోజులు హాయిగా నిద్రపోయాను. శనివారం తెల్లారింది.

ఎనిమిదింటికి అక్కవాళ్ళ వంటింట్లో కూర్చుని రొట్టె తింటున్నాను. అక్క ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. మురిసిపోతూ పైకి చదివింది.

"మేడమ్, నేను ఏడో నంబరు బస్సు డ్రైవరును, రిటైరయ్యాను. పద్దెనిమిదేళ్ళు మీరు ఎటు చెబితే అటు తిప్పాను. ఇవాళ నేనూ మా ఆవిడా క్వారీ కొండ ఎక్కుతున్నాం. నాకు దూరం చూపు తగ్గింది, ఆమెకు కొండలంటే భయం. అయినా మీ గొంతు ఉండగా భయమేమిటి? కళ్ళు మూసుకుని నడుస్తాం."

"పాపం, ఎంత మంచి మనిషిరా" అని అక్క పుస్తకం తెచ్చుకుంది. వాళ్ళు ఇప్పుడు ఎక్కడుంటారో, తర్వాత ఏం చూస్తారో వేలితో వెతుక్కుంటూ తిరగేసింది. మూడు బండల పేజీ దగ్గర వేలు ఆగిపోయింది.

"ఒరేయ్."

ఆ పిలుపు విని నా గొంతులో రొట్టె అడ్డం పడింది.

"ఇక్కడ నేను నడుస్తూ రాయలేదురా. ఆయాసమొచ్చి కూర్చున్నాను. ఇదుగో, రాసే ఉంది: బండ మీద కూర్చుని, వచ్చిన దారి వైపు తిరిగాను, ఎడమది మన దారి, కుడిది క్వారీకి పోయేది." తలెత్తి నా వైపు చూసింది. "వెనక్కి తిరిగి కూర్చుని రాశానంటే, ఇటు నుంచి ఎక్కేవాళ్ళకు ఎలా కనబడుతుందో అలాగే రాశాను కదా. దాన్ని ఇంటికొచ్చి మళ్ళీ తిప్పానా?"

ఫోన్ తీసి అయిదో ముక్క నొక్కింది. బీరువాలోంచి మాట్లాడిన అక్క గొంతు, నున్నగా, చల్లగా: "మూడు బండల దగ్గర కుడివైపుకు తిరగండి."

కుడివైపు దారి క్వారీ అంచుకు పోతుంది. రాయి కొట్టడం మానేసి చాలాకాలమైంది. అంచు మీద మోకాలెత్తు గడ్డి, కంచె లేదు. కింద మూడంతస్తుల లోతు.

అక్క ముఖం తెల్లబోయింది. అంతలోనే మళ్ళీ తేరుకుంది.

"కాదులే. నువ్వు నడిచావుగా? అచ్చు గుద్దినట్టుందన్నావుగా? కుడికే పోయావు, పైకి చేరావు. అయితే నేనే పుస్తకంలో తప్పు రాసుంటాను." నవ్వి, పుస్తకం మూసేసింది. "చచ్చినంత పనైందిరా. నువ్వు నడవకపోయుంటే ఏమైపోయేదాన్ని!"

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. లేచి మంచినీళ్ళు తాగాను. గ్లాసు కడిగాను. పక్కనున్న గ్లాసు కూడా కడిగాను. తేలు కుట్టిన దొంగలా నిలబడి, వాళ్ళు దార్లోనే మానుకుని వెనక్కి వచ్చేస్తారేమో, ఆయనకు చూపు తగ్గినా ఆవిడకు బాగానే ఉంటుందేమో, అని లెక్కలు వేసుకున్నాను. కిటికీలోంచి కొండ వైపు చూశాను. ఆ ఆదివారం లాగే సగం కొండ లేదు.

"అక్కా" అన్నాను, గోడ వైపు తిరిగి. "నేను నడవలేదు."

"ఏమిటీ?"

"టీ బడ్డీ దగ్గర కూర్చుని విన్నాను."

అక్క తిట్టలేదు. చెయ్యెత్తలేదు. బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది. తాడు ముడి వెయ్యడానికి వేళ్ళు రావడం లేదు. నేను వంగి ముడి వేశాను. నా వేళ్ళు కూడా రాలేదు. ఇద్దరం కలిసి ఒక ముడి వేశాం.

ఆటోలో అక్క పదిహేనుసార్లు ఫోన్ చేసింది. అందుబాటులో లేరని ఒక ఆడగొంతు చెబుతూనే ఉంది.

"దీనికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా తెలియదు" అంది అక్క. అలవాటు అంత తొందరగా పోదు.

కొండ కింద పాత కారు ఒకటి తిన్నగా, గీత గీసినట్టు ఆపి ఉంది. అది డ్రైవరు గారి కారేనని చూడగానే తెలిసింది. బడ్డీవాడు నన్ను గుర్తుపట్టి, "ఏం సార్, ఇవాళ కూడా మూడు టీలేనా?" అన్నాడు. అక్క ఆ మాట విననట్టు పోయింది.

ఆమె మామూలు దారి పట్టలేదు. వాన నీళ్ళు దిగే వాగు వెంబడి నిట్టనిలువుగా ఎక్కింది. నేను వెనక చేతులతో, మోకాళ్ళతో, ఒక దశలో గడ్డంతో కూడా ఎక్కాను. పైకి పోయేకొద్దీ మంచు చిక్కబడింది. అక్క బూటు మడమలు తప్ప నాకు మరేమీ కనిపించలేదు. అవి ఆగితే నా గుండె ఆగేది, అవి కదిలితే నా గుండె మరీ ఎక్కువ కొట్టుకునేది. నా భయం నా కోసం కాదని మీతో చెప్పుకుందామని ఉంది. నిజానికి సగం నా కోసమే. తతిమ్మా సగం కళ్ళు మూసుకుని నడుస్తామన్న ఆ ముసలాయన కోసం.

ఒక్కసారే అక్క మాట్లాడింది. "అయిదో ముక్క నొక్కి ఉంటారా ఈపాటికి?"

"వాళ్ళు మెల్లగా నడుస్తారక్కా."

"నీకెలా తెలుసు? నువ్వేమైనా నడిచావా?"

తలొంచుకుని ఆ మడమల వెంటే ఎక్కాను.

మూడు బండలు మంచులోంచి ఒక్కసారిగా ముందుకొచ్చాయి, మనుషులు నిలబడినట్టు. అక్క వంగి నేల చూసింది. ఎడమవైపు దారి శుభ్రంగా, పొడిగా ఉంది. కుడివైపు గడ్డి పక్కకు వాలి ఉంది. దాని పక్కన ఒక నారింజ తొక్క. అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంకా తడిగా ఉంది.

అప్పుడు వినబడింది. మంచు లోపల నుంచి, దూరంగా, అక్క గొంతే.

"ఇక్కడి నుంచి దారి చదునుగా ఉంటుంది. భయం లేదు. కిందికి చూడనక్కర్లేదు, చుట్టూ అందాలు చూస్తూ హాయిగా నడవండి."

పక్కనే అక్క నోరు మూసుకుని నిలబడి ఉంది. ఎదుట కనబడని చోట అదే అక్క ఇద్దరు మనుషులను ముద్దుగా, మర్యాదగా లోయలోకి పంపిస్తోంది.

అక్క అరవబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది.

"ఆగండి! డ్రైవర్ గారూ, ఆగండి!"

ఫోన్ గొంతు "హాయిగా" అంటూనే ఉంది. దాని వెనక ఒక మగగొంతు విసుక్కుంది. "ఇదేమిటే, ఇప్పుడే నడవమంది, అప్పుడే ఆగమంటోంది?"

"ఏమండీ, ఆగమనేది ఫోన్లోంచి కాదు, వెనకనుంచి వస్తోంది."

"ఆవిడ వెనక ఎందుకుంటుందే? ఆవిడ ఫోన్లో ఉంది."

అడుగుల చప్పుడు ఆగలేదు. గడ్డి సరసరమంటూనే ఉంది. నేను "బాబోయ్, గొయ్యి, గొయ్యి!" అని అరిచాను. భయంలో నా గొంతు సన్నబడి కోడిపిల్ల కూసినట్టుంది.

"ఎవరో ఆడమనిషి కూడా అరుస్తోంది" అన్నాడాయన.

"నేనింక ఒక్క అడుగు వెయ్యను" అంది ఆవిడ. ధబ్బుమని చప్పుడైంది. "ఇదుగో కూర్చున్నాను. మీ సంచి తాడు నా చేతిలోనే ఉంది. దమ్ముంటే లాక్కుని పొండి."

అడుగుల చప్పుడు ఆగింది.

మేం చేరేసరికి ఆవిడ గడ్డిలో చతికిలబడి, భర్త వీపుకున్న సంచిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆయన ముందుకు వాలి, బండి లాగే ఎద్దులా నిలబడి ఉన్నాడు. అక్క వాళ్ళను దాటి నేల మీద బోర్లా పడుకుని, ఆయన చేతికర్రను ముందుకు జరుపుకుంటూ పోయింది. ఆయన బూటు ముందు నుంచి లెక్కపెట్టాను. ఏడు అడుగులు. ఎనిమిదో అడుగు చోట కర్రకు ఏమీ తగల్లేదు.

నేనొక రాయి విసిరాను. రెండు క్షణాల వరకూ ఏమీ వినబడలేదు. ఆ తర్వాత, బాగా కింద, నీళ్ళలో పడ్డ చప్పుడైంది.

డ్రైవరు గారు మెల్లగా కూలబడ్డాడు. మనిషి చెమటతో తడిసిపోయాడు. ఆ స్థితిలో కూడా ఫోన్ ఆపి, మర్యాదగా అడిగాడు.

"మేడమ్, నాదేమైనా పొరపాటా? కుడి అన్నారు, కుడికే తిప్పాను."

"మీరు సరిగ్గానే తిప్పారండీ. నేనే తప్పు చెప్పాను."

నాకు తెలిసి అక్క నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. ఆయనకు నమ్మకం కలగలేదేమో, మళ్ళీ చెప్పించుకున్నాడు. అక్క మళ్ళీ చెప్పింది. పుస్తకంలో ఎలా రాసిందో, ఎక్కడ రెండోసారి తిప్పిందో, అంతా వివరించింది. నా పేరెత్తలేదు. అంతకంటే చెంపదెబ్బ నయం.

ఆవిడ మాత్రం వదల్లేదు. "మరి మేమే నడిచి చూశామని రాసుందిగా? ఎవరు నడిచారు?"

అక్క తన బూట్ల వైపు చూసుకుంది. మంచులోంచి జారుకోవడానికి చక్కటి వీలుంది, కానీ ఎటు జారితే ఎక్కడ తేలతానో తెలియదు.

"నేనండీ" అన్నాను. "నేను నడవలేదు. కింద టీ తాగాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇందాక అరిచిన ఆడమనిషివి నువ్వేనా బాబూ?"

"అవునండీ."

"టీ బాగుందా?"

"పర్లేదండీ."

డ్రైవరు గారికి నవ్వొచ్చింది. నవ్వు మొదలై ఏడుపులోకి తిరిగింది. ఆవిడ ఆయన తల తన భుజానికి ఆనించుకుని, ఇంకా సంచి తాడు వదలకుండానే, "ఇంట్లో నేను ఎడమంటే కుడికి పోతారు. కొండెక్కి ఎవరో కుడంటే గోతిలోకి పోతారు" అంది. మంచు కాస్త పలచబడేదాకా నలుగురం అక్కడే, ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. ఎవరమూ లేవడానికి సాహసించలేదు. దిగేటప్పుడు దారి మధ్యలో నేను ఎన్నిసార్లు వెనక్కి చూశానో చెప్పను.

ఇంటికి రాగానే అక్క నా చేత నాలుగు దారులూ వెబ్‌సైట్ నుంచి తీయించింది. కొనుక్కున్న ప్రతివాళ్ళకూ తనే ఫోన్ చేసి, తప్పు తనదని చెప్పింది. కొందరు తిట్టారు. వింది. మొదటి మూడు కొండలను కూడా ఇటు నుంచి ఎక్కి, ఒక్కో మలుపూ సరిచూసేవరకూ అమ్మనంది. మొదటి పేజీలో నా వాక్యం అలాగే ఉంచమంది. "అబద్ధాన్ని చెరిపేస్తే సరిపోదురా, దాన్ని నిజం చెయ్యాలి" అంది. నిజం చెయ్యాల్సింది ఎవరి కాళ్ళతోనో అడగనక్కర్లేకపోయింది.

నెల తర్వాత, క్వారీ కొండ వంతు వచ్చింది. చెవిలో కొత్త రికార్డు, చేతిలో కర్ర, ముందు నేను. ఇరవై అడుగుల వెనక అక్క. ఆమె నోరు విప్పకూడదు, చెయ్యి చూపకూడదు. అది ఆమె పెట్టిన నియమమే. అక్క పక్కన డ్రైవరు గారి భార్య. "ఈ బాబు నడిచాడంటే నేను నమ్మను, నా కళ్ళతో చూడాలి" అని ఆమే ఫోన్ చేసి మరీ వచ్చింది. మంచు లేదు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. అయినా మూడు బండలు కనబడగానే కర్రను రెండు చేతులా పట్టుకున్నాను.

అయిదో ముక్క నొక్కాను. ఎడమవైపుకు తిరగమంది. వెనక్కి తిరిగి అక్క ముఖం చూశాను. అక్క చప్పున ఆకాశం వైపు చూసింది. ఆమెకూ భయంగానే ఉందని, మెడ నరాలు చూస్తే తెలిసింది.

"ఏం బాబూ, కాళ్ళు రావట్లేదా?" అంది ఆవిడ. "కూర్చోనా?"

"వద్దండీ."

ఎడమకు తిరిగాను. కర్రతో తడుముకుంటూ ఒక్కో అడుగూ లెక్కపెట్టాను. ఏడు. ఎనిమిదో అడుగు కింద నేల ఉంది. తొమ్మిదోదాని కిందా ఉంది. నాకు ఇంకా నమ్మకం కలగలేదు. పదోది కూడా వేశాను.